అభ్యర్థి నెవరు నిర్ణయింపవలయును?

మా మెట్టసీమలో ఎద్దును కొనబోవువాడు మొదట దాని పండ్లు చూచును. పిమ్మట సుడులు లెక్కించును. ఆమీద కాడి కట్టించి పది యడుగులు నడిపించును. అంతయు సరిపోయినను నలుగురి నడుగక రూకలు చేతి కీయడు. ఇక పిల్ల నిచ్చువాని సంగతి చెప్ప నక్కఱలేదు. వరుని తాతముత్తాతల నడవడిని విచారించి, వాని యింటి బావిలో నీరు ఏ నెలవఱకు నుండునో కూడ తెలిసికొన్నగాని తాంబూలములు పుచ్చుకొనడు. ఇంత జాగరూకులమైన మనము, అయిదేండ్లు మన బాగోగులు చూడవలసిన శాసనసభ్యుని విషయమున మాత్రము, ఎవ్వరో యెచ్చటనో యేర్పఱచి పంపిన పేరు విని, దానిని మెచ్చుటయో మెచ్చకుండుటయో తప్ప వేఱు పని లేనివారమై యున్నాము. ఓటు మనది, అభ్యర్థి నేర్పఱచుట మనది కాదు. ఈ మాట మా సీమకు సంబంధించినంతవఱకు నిదర్శనములతో చెప్పెదము.

ఉదయగిరి, ఆత్మకూరు నియోజకవర్గములు నెల్లూరు జిల్లాకు పడమట నున్నవి. ఆత్మకూరు వైపున అనంతసాగరము దగ్గఱ సోమశిల జలాశయమును, సంగము దగ్గఱ పెన్నపై బ్యారేజియు కలవు. ఉదయగిరి వైపున వానయే దిక్కు. శ్రీకృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడించి 1514లో గజపతులనుండి గెలిచిన దుర్గ మా కొండమీదనే యున్నది. ఆ దుర్గము ఏడాదిన్నరలో లోబడినది గాని, 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ పథకపు నీరు మాత్రము 2024 ఎన్నికలనాటికిని ఆ కొండక్రింది పొలములకు చేరలేదు. ఇట్టి సీమలో అభ్యర్థి యెవడను ప్రశ్న, కడవలో నీరుండునా లేదా యను ప్రశ్నయే యగును.

2023 మార్చి 23న జరిగిన శాసనమండలి యెన్నికలలో పక్షాజ్ఞను మీఱి ఓటువేసిరను ఆరోపణపై, మఱునాడు వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ పక్షము తన శాసనసభ్యులలో నలుగురిని సస్పెండు చేసెను. వారిలో ఉదయగిరి సభ్యుడు మేకపాటి చంద్రశేఖరరెడ్డి యొకడు, వెంకటగిరి సభ్యుడు ఆనం రామనారాయణరెడ్డి యొకడు. నాటినుండి మా ప్రాంతమున వింజమూరు మొదలు మర్రిపాడు వఱకు టీ అంగడులయందును, రచ్చబండలయందును ఒక్కటే మాట. ఉదయగిరిలో తెలుగుదేశము 2014లో గెలిచి 2019లో ఓడిన బొల్లినేని వెంకటరామారావును మరల నిలుపునా, క్రొత్తవాడైన కాకర్ల సురేషును నిలుపునా? ఆవలి పక్షము మేకపాటివారి కుటుంబమును విడిచి వేఱొకరిని వెదకునా? ఆత్మకూరునకు ఆనమువారు తిరిగి వత్తురా?

ఈ వాదములను మేము చాల దినములు శ్రద్ధతో వింటిమి. ఒకరు ‘అనుభవము గలవాడు కావలె’ ననిరి. ఒకరు ‘ఖర్చు పెట్టుకొనగలవాడు కావలె’ ననిరి. ఎక్కువమంది ‘మనవాడు కావలె’ ననిరి. ఈ ‘మనవాడు’ అను పదమునకు మా సీమలో గల యర్థము ఏ నిఘంటువునందును దొరకదు, కాని వినువారి కందఱికిని తెలియును. ‘వాడు వచ్చిన మన చెఱువుల కేమి చేయును? బెంగుళూరునకు, హైదరాబాదునకు వలసపోయిన మన పిల్లల కేమి చేయును?’ అని యడిగినవాని నొక్కనిని మేము చూడలేదు. చూడలేదని యితరులను నిందించుటకు మాకు హక్కు లేదు. ఏలయన మేమును అడుగలేదు.

ఆ దినములలో నొకనాటి సాయంకాలమున మా ఫోను మ్రోగెను. ఒక పక్షమువారి తరఫున మాటాడిన యంత్రము, ఫలానావారు మీ నియోజకవర్గమున అభ్యర్థి యగుట మీకు సమ్మతమైనచో ఒకటి నొక్కుడనియు, వేఱొకరు కావలయునన్నచో రెండు నొక్కుడనియు చెప్పెను. మేము క్షణమైనను జాగు చేయక ఒకటి నొక్కితిమి. ముప్పది యేండ్లు బడిలో పిల్లలకు పౌరధర్మములు బోధించినవారము గదా, ఏమి విచారించి నొక్కితిరని చదువరు లడుగవచ్చును. దాచిన దోషము రెట్టింపగును గావున చెప్పెదము. ఆయన మా కులమువాడు. మా యింటి పెండ్లికి వచ్చి, పందిటిలో మా భుజముపై చేయి వేసి ‘అన్నా’ యని పిలిచినవాడు. అంతకు మించి ఆయననుగూర్చి మే మెఱిగినది లేదు. ఆయనతో పోటీపడినవారినిగూర్చి విచారించినది అసలే లేదు. ఆయన పేరు నిచట వ్రాయము. ఇందలి తప్పు ఆయనది కాదు, మాది.

మా యింట పనిచేయు వృద్ధురా లొకతె అప్పుడు వాకిట గిన్నెలు తోముచుండెను. ఆమెది మెట్టలోని యొక చిన్నపల్లె. వేసవిలో ట్యాంకరు వచ్చినగాని అచట నీరు లేదు.

“ఫోన్లో ఎవురు అయివారూ?” అని యామె యడిగెను. చెప్పితిమి.

“మా వూరి నీళ్ల సంగతేమన్నా అడిగినారా?”

అడుగలేదంటిమి.

“మరి మీరేం నొక్కినారు అయివారూ?” అని, మా జవాబుకై నిలువక, తన పనిలో పడెను.

నీటి సంగతికి ఆ యంత్రములో అంకె లేదు. అంతకంటె సిగ్గుచేటు, ఆ యంకె లేదని మాకు తోచనైన తోచకపోవుట. ఆ రాత్రి మాకు సరిగా నిద్ర పట్టలేదు.

2024 ఫిబ్రవరి 24న తెలుగుదేశము తన మొదటి జాబితాను ప్రకటించుచు, కోటికి పైగా జనుల యభిప్రాయములు సేకరించితిమని చెప్పెను. అడుగకుండుటకంటె అడుగుట మేలే. అయినను, అడిగినవా రెవరెవరిని అడిగిరో, వచ్చిన జవాబు లెన్నియో, ఆ జవాబులను త్రోసిపుచ్చు నధికార మెవరిదో ప్రజలకు తెలియనప్పుడు, అది అభిప్రాయసేకరణ మగును గాని ఎన్నిక కానేరదు. తక్కిన పక్షములలో ఆపాటి యడుగుటయు తఱచు కనబడదు. ఇది యొక పక్షమును నిందించు వ్యాసము కాదు. అన్ని పక్షముల యిండ్లకును ఒకే వాకిలి, దాని తాళముచెవి కొలదిమంది మొలత్రాటనే యున్నది.

టెక్సాసులో స్థిరపడి ఆ దేశపు పౌరుడైన మా మేనల్లునితో ఈ సంగతి చెప్పగా, అతడు తన యనుభవము వినిపించెను. అచ్చట పక్షముల అభ్యర్థులను ప్రైమరీ యను ముందటి యెన్నికలో ఓటర్లే నిర్ణయింతురు. టెక్సాసున ముందుగా పక్షములో చేరి యుండ నక్కఱయు లేదు. ఆ దినమున ఏ పక్షపు బ్యాలెట్టు కావలయునో అడిగి పుచ్చుకొని, ఆ పక్షపు పోటీదారులలో నొకనికి ఓటు వేయవచ్చును. 2020 మార్చి 3న అతడట్లే వేసెను. అధ్యక్షపదవికై డెమొక్రాటిక్ పక్షమున బైడెన్, శాండర్స్, వారెన్, బ్లూంబర్గ్ మొదలగువారు పోటీపడుచున్న దినములవి. వారిలో బ్లూంబర్గ్ తన సొంత ధనము దాదాపు నూఱుకోట్ల డాలర్లు వెచ్చించియు, అమెరికన్ సమోవా యను చిన్న దీవులలో మాత్రమే గెలిచి, మఱునాడే పోటీ విరమించెను. “మామా, ఖర్చు పెట్టుకొనగలవాడు కావాలని అక్కడ మనవాళ్లు అంటారే, ఇక్కడ అంత ఖర్చు పెట్టినవాడే ఇంటికి పోయినాడు” అని అతడు నవ్వెను.

ఈ హక్కు వారికిని ఊరక రాలేదు. 1968లో హంఫ్రీ ఒక్క ప్రైమరీలోనైన పోటీచేయకయే, షికాగో మహాసభలో నాయకుల బలముతో డెమొక్రాటిక్ అభ్యర్థి యయ్యెను. వెలుపల వీథులలో ఆందోళన చెలరేగెను. ఆ యెన్నికలో పక్షము ఓడినపిమ్మట నియమములు సంస్కరింపబడి, 1972నుండి ప్రైమరీలకు ప్రాబల్యము వచ్చినది. ఆ పద్ధతియు నిర్దోషము కాదు. 2024లో ప్రైమరీలన్నియు ముగిసినపిమ్మట జూలై 21న బైడెన్ తొలగగా, కమలా హారిస్ ప్రతినిధుల ఓట్లతోనే అభ్యర్థిని యయ్యెను. అయినను అది వారికి అపవాదము. మనకు అదియే నియమము.

‘మీ మెట్టవారికి ఈ హక్కిచ్చిన కులమునే చూతురు, సొమ్మునే చూతురు’ అని కొందఱనవచ్చును. మా వ్రేలు చేసిన పని చూచినవారు అట్లనుట న్యాయమే. కాని మా సీమ చరిత్రమునుగూడ చూడవలయును. 1978లో ఇందిరా కాంగ్రెసు రాష్ట్రమును గెలిచినప్పుడును, 1983లో తెలుగుదేశపు ప్రభంజనము వీచినప్పుడును, ఉదయగిరి ఆ రెంటికిని చేరని వెంకయ్యనాయుడును గెలిపించినది. మంత్రి మేకపాటి గౌతంరెడ్డి మృతిచెందగా 2022 జూనులో వచ్చిన ఆత్మకూరు ఉపయెన్నికలో, తెలుగుదేశము పోటీచేయకుండగా, ఆయన సోదరుడు విక్రంరెడ్డి 82,888 ఓట్ల ఆధిక్యతతో గెలిచెను. రెండేండ్లు తిరుగకయే, 2024లో అదే ఆత్మకూరు ఆనం రామనారాయణరెడ్డిని 7,576 ఓట్ల ఆధిక్యతతో ఆయనపై గెలిపించినది. ఉదయగిరి కాకర్ల సురేషును మేకపాటి రాజగోపాలరెడ్డిపై 9,621 ఓట్లతో గెలిపించినది. ఎవరు గెలుచుట మేలో యిచట చెప్పము. ఎదుట ఇరువురు నిలిచినప్పుడు తూచి చూడగల ఓటరు, ఆ యిరువురిని ఏర్పఱచుటకు మాత్రము పనికిరాడనుట యుక్తము కాదని మాత్రము చెప్పుచున్నాము.

మా కోరిక పెద్దది కాదు. ప్రతి పక్షమును, తన సభ్యుల పట్టీని మండలముల వారీగా ప్రకటింపవలయును. టికెట్టు కోరువా రందఱును ప్రతి మండలమున నొక్కదినము ప్రజల యెదుట నిలిచి, నీరు, వైద్యము, వలస యను మూడింటినిగూర్చి జవాబు చెప్పవలయును. పిమ్మట సభ్యులు రహస్యముగా ఓటు వేయవలయును. ఇట్టి ప్రయత్నమునే 2014 లోకసభ యెన్నికలకు ముందు కాంగ్రెసు పక్షము దేశమున కొలదిపాటి స్థానములలో చేసి చూచినది, అది వేళ్లూనలేదు. వేళ్లూనకపోవుటకు పక్షము లెంత కారణమో, దానిని కోరని మనము నంతే కారణము. అడుగనిదే అమ్మయైనను పెట్టదు.

పక్షములు మాఱువఱకు మనము మాఱకుండ నక్కఱ లేదు. ఫోను మరల మ్రోగును. అప్పుడు మేము ఒకటియు నొక్కము, రెండును నొక్కము. పోటీలో నున్నవారందఱి పేర్లును విచారించి, వాకిట నున్న యా వృద్ధురాలిని పిలిచి, మీ పల్లెకు వచ్చి నీటి సంగతి అడిగినవా డెవడని మొదట నడిగెదము. ఆమె జవాబు విన్నపిమ్మటనే మా వ్రేలు కదలును. చదువరులును తమ తమ వాకిళ్లలో నున్నవారిని అట్లే అడుగుదురు గాక.