ఏడు చేపల కథలో మన పిల్లలు

సెలవులొస్తే పిల్లలతో వేగలేకపోతున్నాం అనే మాట ఇప్పుడు ఏ ఇంట్లో చూసినా వినిపిస్తుంది. వేగలేక ఏం చేస్తాం? చేతికి ఫోన్ ఇస్తాం. ఇల్లు సద్దుమణుగుతుంది, మన వంటా అవుతుంది. మా కాసిపేట వంటి బొగ్గుబాయిల ఊళ్ళలో దీనికి ఇంకో కారణం కూడా ఉంది. ఇంటాయన రాత్రి షిఫ్టు చేసి వచ్చి పగలు పండుకుంటాడు. పిల్లలు గట్టిగా నవ్వినా నిద్రకు భంగమే. ఫోన్ చూస్తే నోరెత్తరు మరి! కాని మూడు నాలుగేళ్ళ పిల్లలు అలా నోరెత్తకుండా ఉండడం మంచిదేనా? కాస్త ఆలోచించాలి అక్కలూ!

ఆడుకోవడం మన పిల్లలకు ఒకరు నేర్పాల్సిన పనికాదు. మన చిన్నప్పుడు ఇసుక అన్నం, ఆకు కూర, చిప్పల్లో పప్పు పెట్టి గుజ్జనగూళ్ళు ఆడలేదా? తాటాకు బొమ్మలకు పెళ్ళి చేసి, పిల్లవారూ పిల్లగానివారూ అని రెండు జట్లయి పోట్లాడుకోలేదా? మన తెలంగాణలో బొడ్డెమ్మ పండుగ ఉండనే ఉంది. భాద్రపదంలో, బతుకమ్మకు ముందు, పెళ్ళికాని ఆడపిల్లలు పీట మీద పుట్టమన్నుతో అంతస్తులుగా బొడ్డెమ్మను చేసి, పూలు పెట్టి, సాయంత్రం చుట్టూ తిరిగి పాడుతారు. మన్ను తొక్కేదీ వాళ్ళే, పూలు తెచ్చేదీ వాళ్ళే, పాడేదీ ఆడేదీ వాళ్ళే. చివరి రోజు నీళ్ళలో కలిపేదీ వాళ్ళే. ఇందులో ఊరికే కూర్చొని చూసేవాళ్ళు ఎవరూ ఉండరు. పిల్లలకు కావలసిన ఆట అదే.

చూసేవాళ్ళు కూడా కలిసి ఆడే నాటకం

మా వాడలో సాయంత్రం కానుగ చెట్టు కింద పదిమంది పిల్లల్ని కూర్చోబెట్టి కథలు ఆడిస్తుంటాను. దీనికి పెద్ద తెలివేమీ అక్కర్లేదు. మనందరికీ తెలిసిన ఏడు చేపల కథ చాలు. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకు పోయి ఏడు చేపలు తెస్తారు, ఎండబెడితే ఒకటి ఎండదు. ఎందుకు ఎండలేదంటే గడ్డిమేటు అడ్డం వచ్చింది. గడ్డిని ఆవు మేయలేదు, ఆవును కాపరి మేపలేదు, కాపరికి అవ్వ బువ్వ పెట్టలేదు, పాప ఏడ్చింది, పాపను చీమ కుట్టింది. ఇలా ఒకరి మీద ఒకరు చెప్పుకుంటూ పోతారు.

ఒక పిల్ల చేప, ఒకడు గడ్డిమేటు, ఒకతె ఆవు. మొత్తం ఏడు వేషాలు. మిగిలినవాళ్ళంతా రాజుగారి కొడుకులే! అందరూ కలిసి ఒక్కొక్కరి దగ్గరికి పోయి "ఎందుకు?" అని అడుగుతారు. వేషాలకు ఖర్చు లేదు. టేకాకు తలకు కట్టుకుంటే గడ్డిమేటు, కొబ్బరిపీచు తోకైతే ఆవు, నెత్తిన పాత తువ్వాలు కప్పుకుంటే అవ్వ. మాట మరిచిపోతే మనం అందించకూడదు. వాళ్ళకు తోచిందే చెప్పనివ్వాలి. కథ దారి తప్పినా ఫరవాలేదు.

అలా దారి తప్పిన ఒక రోజు సంగతి చెబుతాను. ఆ తల్లి ఒప్పుకున్నాకనే ఇక్కడ రాస్తున్నాను. మా ఎదురింటి పాపకు అయిదేళ్ళు. తండ్రి దుబాయి పోయి మూడు నెలలైంది. అప్పటి నుంచి పిల్ల మాట్లాడడం తగ్గించింది. పిలిస్తే పలకదు, ఫోన్లో తండ్రి కనిపిస్తే మొహం తిప్పుకుంటుంది. మొండితనం ఎక్కువైందని తల్లి విసుక్కునేది. నేను పిలిస్తే వచ్చి ఒక పక్కన కూర్చునేది, అంతే. ఆ రోజు ఏడ్చే పాప వేషానికి ఎవరూ ముందుకు రాకపోతే తనే లేచి నిలబడింది. పిల్లలంతా వెళ్ళి "ఎందుకేడ్చినవ్ బిడ్డా?" అని అడిగారు. చీమ కుట్టిందని చెప్పాలి కదా! ఈ పిల్ల నేల చూపులు చూస్తూ, "నేను పండుకున్నప్పుడు నాయిన పోయిండు. నాకు చెప్పలే" అంది.

ఎవరికీ ఏం చేయాలో తోచలేదు. చీమ వేషం వేసిన పిల్లవాడు కంగారుపడి "నేనైతే కుట్టలేదు!" అన్నాడు. ఇంకో పిల్ల "మరి చేప ఎట్ల ఎండుతది?" అని అడిగింది. చేప అయిన అమ్మాయి కాసేపు ఆలోచించి "ఆమె నాయిన వచ్చినంక ఎండుత తియ్" అంది. పెద్దవాళ్ళం మనమైతే ఆ మాట అనగలిగేవాళ్ళమా చెప్పండి?

తల్లికి సంగతి చెబితే ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పిల్ల చూస్తే ఏడుస్తుందని, ఏడిస్తే మనసు నిలవదని, అర్ధరాత్రి బండెక్కి పోయాడట తండ్రి. ఆ రాత్రి ఫోన్లో ఆయన భార్యతో కాకుండా ముందు బిడ్డతోనే మాట్లాడాడు. ఈసారి వచ్చి పోయేటప్పుడు నిద్రలేపి చెప్పిపోతానని మాటిచ్చాడు. ఒక్కరోజులో పిల్ల వసపిట్ట అయిపోయిందని అనను. కాని మర్నాడు తనంతట తానే వచ్చి "నాకు చీమ కావాలి" అంది. పిల్లలకు దుఃఖం ఉంటుంది, చెప్పే మాటలు ఉండవు. వేషం వేసుకుంటే ఆ మాటలు వస్తాయి.

పెద్దవాళ్ళూ చెప్పిన మాటే

ఇది మనం ఇప్పుడు కనిపెట్టింది కాదు. 1837లో జర్మనీలో ఫ్రోబెల్ అనే ఆయన చిన్నపిల్లలకు ఆటలు, పాటలు, తోటపనితో ఒక బడి పెట్టి, తరవాత దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. ఆ మాటకు అర్థం పిల్లల తోట. మనం కేజీ అని పిలిచి పుస్తకాల సంచి తగిలించేది ఆ తోటకే! మన తెలుగులో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పిల్లల చేత నాటికలు ఆడించి, పాటలు పాడించారు. ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా వారు 1989లో పిల్లల కోసమే ఒక నాటక విభాగం ప్రారంభించారు. 2020 జాతీయ విద్యా విధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలకు ఆటపాటలతోనే చదువు సాగాలంటోంది. కాబట్టి "ఏబీసీడీలు రాయించక మట్టిలో ఆడిస్తావా?" అనే అత్తగారికి ధైర్యంగా జవాబు చెప్పవచ్చు.

ఆడించే ముందు జాగ్రత్తలు

మట్టి: పాములుండే పుట్టలను పిల్లల చేత తవ్వించకండి. చెరువు మట్టి తెచ్చి ఎండబెట్టి, దంచి జల్లెడ పడితే గాజుముక్కలు, ముళ్ళు పోతాయి. ఆట అయ్యాక సబ్బుతో చేతులు కడిగించాలి, గోళ్ళు కత్తిరించాలి. ఏటా నులిపురుగుల దినం నాడు అంగన్‌వాడీలో, బడిలో ఇచ్చే మాత్ర మరిచిపోకుండా వేయించాలి.

రంగులు: పసుపు నీళ్ళు, బీట్‌రూట్ రసం, పాలకూర రసం, ఎండాకాలం మోదుగుపూలు నానబెట్టిన నీళ్ళు చాలు. గీయడానికి పొయ్యిలోని కట్టెబొగ్గు ఇవ్వండి. పసుపులో సున్నం కలిపితే ఎర్రగా మారడం పిల్లలకు వింత. కాని ఆ కలిపే పని మీరే చేయండి, సున్నం కంట్లో పడితే ప్రమాదం.

మొక్కలు: గన్నేరు, ఉమ్మెత్త, గురివింద గింజలు, ఆముదం గింజలు విషం. దండలు గుచ్చడానికి గురివింద గింజలు అందంగా ఉన్నాయని ఇవ్వకండి. జిల్లేడు పాలు కంట్లో పడకూడదు. వయ్యారిభామ తగిలితే కొందరికి దురదలు, ఆయాసం వస్తాయి. వీటి బదులు చింతగింజలు, కానుగాకు, టేకాకు, తంగేడు, గునుగు పూలు ఎన్నైనా ఇవ్వవచ్చు. కాని బాగా చిన్నపిల్లలు గింజలు నోట్లో, ముక్కులో పెట్టుకుంటారు, కనిపెట్టి ఉండాలి.

చోటు: మన ప్రాంతంలో ఇది ముఖ్యం. ఓపెన్‌కాస్టు మట్టికుప్పలు, నీళ్ళు నిలిచిన గుంతలు, భూమి కుంగిన చోట్ల దగ్గరికి పిల్లల్ని పోనివ్వకూడదు. ఇంటి వాకిలి, గుడి ముందు, అంగన్‌వాడీ ఆవరణ చాలు. దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లుకోండి.

అన్నింటికంటే పెద్ద జాగ్రత్త ఇంకొకటి ఉంది. ఆటలో పిల్లలు ఇంటి గుట్టు బయటపెడతారు. అమ్మానాన్నల పోట్లాట, తాగివచ్చే తాత, అన్నీ వస్తాయి. అప్పుడు నవ్వకూడదు, కసరకూడదు, నలుగురిలో ప్రచారం చేయకూడదు. విని, అవసరమైతే తల్లికి మాత్రం చెప్పాలి.

రోజూ అరగంట చాలు. ఇంటాయన పండుకున్నాడంటే పిల్లల్ని ఇంకో వాకిట్లోకి తీసుకెళ్ళండి. రెండు మూడు ఇళ్ళ ఆడవాళ్ళం వంతులు వేసుకుంటే ఎవరి పనీ ఆగదు. ఇవాళ మీ ఇంటి ముందు, రేపు పక్కింటి ముందు. బియ్యం ఏరుతూనో చిక్కుడుకాయలు ఒలుస్తూనో కూర్చోవచ్చు. మీకు కూడా ఏ గడ్డిమేటు వేషమో ఇస్తారు. వద్దనకుండా వేయండి!