రసాల సీమలో టమాటా పంచాయితీ

నూజివీడు వారి ముందు మామిడిని కాదని మరో పండును పొగడటం సాహసమే. చిన్నరసం, పెద్దరసం, బంగినపల్లి అనగానే మాకు మాటలు పెరుగుతాయి, వినేవారికి నోరూరుతుంది. 2022లో మా ఊరు కృష్ణా జిల్లా నుండి ఏలూరు జిల్లాలోకి మారింది గాని, మామిడి తీపి మాత్రం ఏ సరిహద్దునూ పట్టించుకోలేదు. అయితే ఈ రాజుగారి దర్బారు ఏడాదిలో కొన్ని నెలలే. మిగిలిన కాలమంతా చింతపండుతో కలిసి వంటింట్లో పులుపు బాధ్యతను మోసేది టమాటా. రాజు లేనప్పుడు రాజ్యం నడిపే దివాను వంటిదది. దివానుకు ఊరేగింపులు ఉండవు, సెలవులూ ఉండవు.

ఈ దివాను పరదేశి. దక్షిణ అమెరికాలో పుట్టి, మెక్సికోలో సాగై, 16వ శతాబ్దంలో స్పెయిన్ వారి ఓడలెక్కి ఐరోపా చేరింది. మన పెద్దలు దీనిని రామములగ అన్నారు. 1690లలో నేపుల్స్‌లో అచ్చైన ఒక వంటల గ్రంథంలో టమాటా సాస్ కనిపిస్తుంది. దానికి అక్కడ పెట్టిన పేరు ‘స్పెయిన్ పద్ధతి’ సాస్! లోకమంతా ఇటలీ సొత్తుగా భావించే వంటకానికి తొలి చిరునామా పొరుగువారిదన్నమాట. వంటల వంశవృక్షాన్ని తవ్వితే ఎవరి గర్వమూ నిలవదు.

సెలవులకు మా కుటుంబమంతా కూడినప్పుడు ఈ సత్యం ఎవరికీ గుర్తుండదు. సలాములు ముగిసి దస్తర్‌ఖాన్ పరచగానే పక్షాలు ఏర్పడతాయి.

గల్ఫ్‌లో ఏళ్ళ తరబడి పనిచేసి వచ్చిన మామూజాన్‌ది దఖూస్ పక్షం. టమాటా, వెల్లుల్లి, పచ్చిమిర్చి కలిపి చేసే ఆ ఎర్రటి కారం పక్కన లేనిదే కబ్సా అన్నం అన్నమే కాదంటారాయన. దాదీ ఒక వేలితో రుచి చూసి, “పోపు పెట్టడం మరచిన పచ్చడి” అని తీర్పు ఇచ్చారు. పట్నంలో చదువుతున్న మా అమ్మాయి ఆలివ్ నూనె, వెల్లుల్లి, బేసిల్ ఆకులతో సన్నని సెగపై గంటసేపు ఇటలీ సాస్ మరిగించింది. దాదీ ఆదుర్దాగా, “ఇంట్లో జ్వరం ఎవరికి బేటీ?” అని అడిగారు. కారం లేని కూర ఆమె దృష్టిలో పథ్యమే.

హైదరాబాద్ కోడలైన ఖాలాది ‘టమాటే కా కట్’. వడకట్టిన టమాటా రసానికి వేయించిన శనగపిండి చిక్కదనం, జీలకర్ర కరివేపాకు తాలింపు, అందులో ఉడికిన గుడ్లు. ట్యునీషియా వారి షక్షూకాలో గుడ్లను ఉడికే టమాటాలోకే పగులగొట్టి వేస్తారు. పద్ధతి ఏదైనా, గుడ్డుకు మాత్రం రెండు చోట్లా మునక తప్పదు.

ఇక పిల్లలది ఎర్రసీసా పక్షం. కెచప్ అనే మాటకు మూలం దక్షిణ చైనా తీరపు చేపల రసం పేరేనని పండితులు భావిస్తారు. అమెరికాలో హైంజ్ వారు 1876లో టమాటా కెచప్ అమ్మకం ప్రారంభించారు. చేప పోయి టమాటా వచ్చింది, టమాటా వెంట చక్కెర వచ్చింది. సీసా బరువులో దాదాపు ఐదో వంతు చక్కెరే ఉండటం సాధారణం. దానిని బిర్యానీపై ధారగా పోస్తుంటే చూడలేక పెద్దలు తల తిప్పుకుంటారు.

దాదీ పక్షం ఎండు టమాటా నిల్వ పచ్చడి. ఉప్పులో ఊరిన ముక్కలను డాబాపై ఎండబెట్టి, చింతపండు, కారం, మెంతిపిండి కలిపి నూనెలో ముంచుతారు. సిసిలీలో కూడా ఆగస్టు ఎండలో టమాటా గుజ్జును చెక్కపలకలపై పరచి ఎండబెట్టే ఆచారం ఉంది. సిసిలీని ఒకప్పుడు ముస్లిములు పాలించారు గనుక ఆ ఘనతను మన ఖాతాలో వేసుకోవాలని మామూజాన్ ప్రయత్నించారు. ఆ పాలన 11వ శతాబ్దంలోనే ముగిసింది, టమాటా అప్పటికి సముద్రమే దాటలేదని అమ్మాయి గుర్తుచేసింది.

ఇంతవరకు నవ్వులే. కాని ఒక పూట పిల్లవాడొకడు పచ్చడి గిన్నెను పక్కకు నెట్టి, “వాసన” అన్నాడు. దాదీ ఏమీ అనలేదు. మరుసటి వేసవిలో డాబాపై పరచిన చాపలు సగమయ్యాయి. అడిగితే మోకాళ్ళ నొప్పి అన్నారు. నొప్పి మోకాళ్ళది మాత్రమే కాదని ఇంట్లో అందరికీ తెలుసు.

దైవప్రవక్త (స) ఏ ఆహారానికీ వంక పెట్టేవారు కారనీ, ఇష్టమైతే భుజించేవారనీ, లేకుంటే మిన్నకుండేవారనీ హదీసులు తెలుపుతున్నాయి. వంక పెట్టిన మాట గిన్నె దగ్గర ఆగదు. వండిన చేతిని, పండించిన చేతిని కూడా అది తాకుతుంది. 2023 వేసవి తరువాత టమాటా కిలో 200 రూపాయలు దాటినప్పుడు దానిని బంగారంలా చూసుకున్నాము. కొన్ని వారాలకే ధర కూలి, కోత కూలి కూడా గిట్టక రైతులు పంటను రోడ్లపై పారబోశారు. పండు అదే, మన గౌరవమే మారింది.

అందుకే మా ఇంట ఇప్పుడొక నియమం ఉంది. ఏ దేశపు సాస్‌నైనా పోల్చవచ్చు, నవ్వవచ్చు. కాని ముందుగా ఒక ముద్ద తిని, వండినవారికి దుఆ చేసిన తరువాతే. ఈ వేసవిలో చాపలు మళ్ళీ నిండాయి. ఎండిన ముక్కల్లో కొన్ని అమ్మాయి పాస్తాలోకి, కొన్ని మామూజాన్ దఖూస్‌లోకి వెళ్ళాయి. మెంతిపిండి ఎంత వేయాలో దాదీ కొలతల్లో చెప్పరు, పక్కన కూర్చుని చూడమంటారు. “వాసన” అన్నవాడే ఇప్పుడు అందరికంటే ముందు వచ్చి కూర్చుంటున్నాడు.