ఉస్మాన్‌గంజ్ డాబా మీద ఒక టైమ్‌టేబుల్

గాంధీభవన్ మెట్రో స్టేషన్‌లో దిగి మొజంజాహీ మార్కెట్ దాటాక, ఉస్మాన్‌గంజ్ ఎక్కడని ఎవర్నీ అడగక్కర్లేదు. మీ ముక్కే చెప్తుంది. ముందు తుమ్ము వస్తుంది. అది ఎండుమిర్చి. ఆ తర్వాత పసుపు, ధనియాలు, బెల్లం, చింతపండు.

మీలో చాలామంది ఎమ్‌జే మార్కెట్ దాకా వచ్చే ఉంటారు. ఏడో నిజాం కాలంలో, 1935లో కట్టిన ఆ రాతి బిల్డింగ్ దగ్గర ఐస్‌క్రీమ్ తిని, సెల్ఫీ దిగి వెళ్ళిపోయుంటారు. గంజ్‌లోకి మాత్రం సరుకు కావాల్సినవాళ్ళే వస్తారు. నేను ఎనిమిదేళ్ళు వచ్చాను. సరుకు కోసం కాదు, కరాటే కోసం.

ఒక కిరాణా హోల్‌సేల్ షాపు పైనున్న డాబానే మా క్లాసు. కింద హమాలీలు బస్తాలు మోస్తుంటే, పైన మేం పంచ్‌లు కొట్టేవాళ్ళం. ఇంటర్‌లో మానేశాను. తర్వాత బీటెక్, ఉద్యోగం, గచ్చిబౌలి. మొన్న జనవరిలో ఒక శనివారం సాయంత్రం, అమీర్‌పేటలో రైలు మారి మళ్ళీ అక్కడికెళ్ళాను.

"ఏం రా, తొవ్వ తప్పినవా?" అన్నారు మాస్టర్. అరవై దాటాయి. గొంతు మాత్రం అదే.

గోడకు పాత అలవాటు ప్రకారమే రెండు క్యాలెండర్లు వేలాడుతున్నాయి. ఒకటి తెలుగు, ఒకటి ఉర్దూ. వాటి మధ్య మాస్టర్ చేత్తో రాసిన ఏడాది టైమ్‌టేబుల్. చిన్నప్పుడు దాన్ని ఎప్పుడూ సరిగ్గా చదవలేదు. ఆఫీసులో రోజూ పది మీటింగులు సర్దుకునేవాణ్ణి కదా, ఈసారి నిలబడి చదివాను.

జనవరిలో శనివారాలు క్లాసు అరగంట ముందే అయిపోతుంది. నడిచి వెళ్ళేంత దూరంలో నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో నుమాయిష్ కాబట్టి. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైన ఆ సంబరం దగ్గర్లో జరుగుతుంటే పిల్లల మనసు కటాల మీద ఎందుకు నిలుస్తుంది? జపాన్‌లో జనవరి చలిలో 'కాన్‌గేకో' అని కఠిన సాధన చేస్తారట. "మన కాన్‌గేకో నుమాయిషే. ఆ జనంల తప్పిపోకుండ రావుడు సాధన కాదా?" అని మాస్టర్ జోకు.

రంజాన్ నెలలో ఫైట్లు ఉండవు. ఇఫ్తార్‌కు ముందు అరగంట నెమ్మదిగా కటాలు, తర్వాత అందరికీ ఖర్జూరాలు. ఎండాకాలంలో కొత్త మిర్చి దిగుతుంది, ఘాటుకు డాబా మీద ఊపిరాడదు, అందుకని తెల్లవారుజామున క్లాసు. మృగశిర నాడు సెలవు, చేప ప్రసాదం జనంతో రోడ్లు కదలవు. ఆషాఢంలో బోనాల ఆదివారాలు సెలవు. పర్యూషణ్ రోజుల్లో జైన పిల్లలు చీకటి పడకముందే తినాలి, క్లాసు ముందుకు జరుగుతుంది. కార్తీక సోమవారాల్లో బెల్ట్ పరీక్ష పెట్టరు. నిమజ్జనం రోజు ఊరేగింపులన్నీ ఎమ్‌జే మార్కెట్ మీదుగానే, ఆ రోజు షట్టర్ దించేస్తారు.

అన్నీ ఏటా ఒకే చోట ఉండవు. రంజాన్ ఏడాదికి పదకొండు రోజులు ముందుకొస్తూ, దాదాపు 33 ఏళ్ళలో అన్ని కాలాలూ చుట్టేస్తుంది. ఆయన ముప్ఫై ఏళ్ళకు పైగా నేర్పుతున్నారు. అంటే ఎండల్లో రోజా, వానల్లో రోజా, చలిలో రోజా, అన్నిటికీ టైమ్‌టేబుల్ రాశారన్నమాట.

ఎన్నాళ్ళుగానో మనసులో ఉన్న మాట అప్పుడు అడిగాను. నా తొమ్మిదో తరగతిలో ఒక టోర్నమెంట్‌లో, ఫైట్‌కి ముందు మా క్లాసులో నేర్పినట్టే కుడిచెయ్యి గుండె మీద పెట్టి ఎదుటివాడి కళ్ళలోకి చూశాను. అందరూ నడుము వంచి నమస్కరిస్తున్నారు. "ఇదేం స్టైల్ రా?" అని ఎవరో నవ్వారు. మాస్టర్‌కే సరిగ్గా రాదేమో అనుకున్నాను. నేను మానేయడానికి చదువొక్కటే కారణం కాదు, ఆ సిగ్గు కూడా.

మాస్టర్ కాసేపు ఆగి చెప్పారు. "నీ పార్ట్‌నర్ యాదున్నడా? వాని నాయిన వచ్చిండు. మావోడు అల్లాకు తప్ప ఎవ్వరికీ వంగడు సార్, పేరు తీసేయండి అన్నడు. వారం దినాలు ఆలోచించిన. వాడొక్కడు వంగకుంటే అందరి కండ్లు వాని మీదనే ఉంటయి. అందుకే అందరికీ మార్చిన."

"రూల్ మార్చొచ్చా మాస్టర్?"

"కరాటే పేరే మార్చుకున్నరు కద బిడ్డా."

నిజమే. ఒకినావాలో పుట్టిన ఈ విద్య పేరులో 'కరా' అంటే మొదట చైనా. 1930లలో అదే ఉచ్చారణ ఉన్న వేరే అక్షరం పెట్టి 'ఖాళీ' అని మార్చారు. చైనా చెయ్యి ఖాళీ చెయ్యి అయింది.

మాస్టర్ సోమవారం శివుడికి ఉపవాసం, గురువారం నాంపల్లి యూసుఫైన్ దర్గాకు వెళ్తారు. అది వాళ్ళమ్మ మొక్కట. ఇదంతా సమైక్యత గురించిన ఉపన్యాసంలా ఆయన ఎప్పుడూ చెప్పలేదు. ఒక ఏడు ఏదో పుకారు లేచి గంజ్ అంతా గబగబా మూసేసిన సాయంత్రం కూడా ఏమీ చెప్పలేదు. మాతో రాత్రి తొమ్మిదింటి దాకా కటాలు చేయించి, తర్వాత ఒక్కొక్కర్నీ ఇంటి దాకా దిగబెట్టారు. మాకు మాత్రం కాళ్ళు నొప్పెట్టినట్టే గుర్తు.

ఇప్పుడు పిల్లలు పదకొండు మందే. మా రోజుల్లో నలభై. కుటుంబాలు ఊరి శివార్లకు వెళ్ళిపోతున్నాయి. డాబా మీద కూడా సరుకు పెట్టుకుంటానని ఓనర్ అంటున్నాడు. "మోకాళ్ళు సతాయిస్తున్నయి. శనివారం వచ్చి చిన్నపిల్లలను చూస్కో" అన్నారు మాస్టర్, బతిమాలినట్టు కాదు, పని చెప్పినట్టు.

రెండు శనివారాలు వెళ్ళాను. మూడోది ఆఫీసులో రిలీజ్ ఉండి కుదరలేదు. నాలుగో వారం వెళ్తే గోడ మీద టైమ్‌టేబుల్‌లో, రంజాన్‌కూ బోనాలకూ పైన, మాస్టర్ పెన్సిల్‌తో ఇంకో గీత గీశారు. దాని పక్కన రాసింది: నెలాఖరు శనివారం, వీనికి ఆఫీసు.