గేటు దాటితే మంచుదే రాజ్యం!

మా నందిగాంలో మంచు అంటే సంక్రాంతి రోజుల్లో పొద్దున్నే హైవేని కమ్మేసే పొగమంచే. ఎండెక్కితే మాయం. అలాంటి ఊళ్లో పుట్టిన నేను ఉద్యోగం కోసం అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీకి వచ్చాను. ఇక్కడ చలికాలం మొదలైతే నెలల తరబడి కొండలు తెల్లగానే ఉంటాయి. నాలుగు చలికాలాలు స్కీయింగ్ సాధన చేశాక, ఓ మార్చిలో ‘ఇంటర్‌కనెక్ట్ టూర్’కి వెళ్లా. ఒక్క రోజులో ఆరు స్కీ రిసార్టులు చుట్టేసే యాత్ర అది. వీడియో కాల్‌లో చెబితే అమ్మ ఒకటే మాట: ‘ఓలమ్మో, ఎందుకురా బాబూ నీకీ పని?’

రోడ్డు లేదు... దారుంది!

వసాచ్ పర్వతాల్లో డీర్ వ్యాలీ, పార్క్ సిటీ, సాలిట్యూడ్, బ్రైటన్, ఆల్టా, స్నోబర్డ్ రిసార్టులు దగ్గరదగ్గరగానే ఉంటాయి. కాకపోతే మధ్యలో కొండలు అడ్డం. పార్క్ సిటీ నుంచి బ్రైటన్ వైపు వెళ్లే గార్డ్స్‌మన్ పాస్ రోడ్డుని చలికాలమంతా మూసేస్తారు. కారులో అయితే కొండ దిగి, నగరం వైపు చుట్టు తిరిగి మళ్లీ ఎక్కాలి. స్కీలుంటే శిఖరం దాటేస్తే చాలు. నేను వెళ్లినప్పుడు అక్కడి రిసార్టుల సంఘం ‘స్కీ యూటా’ గైడ్లతో ఈ టూర్ నడిపేది. మొత్తం సుమారు 25 మైళ్లు. కొంత లిఫ్టుల్లో, కొంత జారుతూ, ఇంకొంత స్కీలు భుజాన వేసుకుని నడక. పదివేల అడుగుల ఎత్తులో పట్టుమని ఇరవై అడుగులు వేస్తే చాలు, ఆయాసం వచ్చేస్తుంది.

చక్కెర మీద పలక

రిసార్టు లోపల ప్రమాదకరమైన మంచును సిబ్బంది ముందే పేలుడు పదార్థాలతో కూలగొట్టి ఉంచుతారు. చివర్లో ఉండే గేటు దాటామంటే ఆ భరోసా లేదు. మా గైడ్ అక్కడే ఆపి, ఒక్కొక్కరి ఛాతీకి కట్టిన బీకన్ పనిచేస్తోందో లేదో చూశాడు. అది 457 కిలోహెర్ట్జ్ సిగ్నల్ పంపే చిన్న యంత్రం. మంచులో కూరుకుపోతే మిగతావాళ్లు ఆ సిగ్నల్ పట్టుకునే వెతుకుతారు. పావుగంటలోపు బయటకు తీస్తే బతికే అవకాశం బాగా ఎక్కువ. ఆ తర్వాత గబగబా తగ్గిపోతుంది.

మంచుచరియ ఎలా విరుగుతుంది? కింద చక్కెరలా పొడిపొడిగా ఉన్న పొర, దాని మీద గాలికి గట్టిపడ్డ పలక. 30 నుంచి 45 డిగ్రీల వాలులో ఆ పలక మీద ఒక్క మనిషి బరువు పడినా చాలు, మొత్తం జారిపోవచ్చు. ప్రాణాలు పోయిన ప్రమాదాల్లో ఎక్కువ శాతం ఆ మనిషో, పక్కవాడో కదిలించినవే. అమెరికాలో దీనిమీద పరిశోధన మొదలైంది కూడా ఈ ఆల్టాలోనే. 1940ల్లో మాంటీ ఆట్‌వాటర్ అనే ఉద్యోగి ఆరంభించారు. ఇప్పుడు యూటా అవలాంచ్ సెంటర్ చలికాలంలో రోజూ పొద్దున్నే ప్రమాదం ఏ స్థాయిలో ఉందో ప్రకటిస్తుంది. మొత్తం ఐదు స్థాయిలు.

‘ఆ వాలు వద్దు’

ట్విన్ లేక్స్ పాస్ దాటాక, ఆల్టా వైపు దిగేచోట ఎడంపక్కన అద్భుతమైన వాలు కనిపించింది. ఒక్క గీత కూడా పడని మంచు! అందరి కళ్లూ దానిమీదే. గైడ్ కర్రతో గుచ్చి చూశాడు. గాలి ఎటు వీచిందో, మంచు ఎక్కడ పోగైందో చూశాడు. ‘అటు వద్దు’ అనేసి తక్కువ వాలున్న దారి పట్టించాడు. అక్కడా ఒక్కొక్కరుగానే దాటాలి. ఒకరు పడితే తీయడానికి మిగతావాళ్లు మిగలాలి కదా! నా వంతు వచ్చినప్పుడు నా ఊపిరే నాకు వినిపించింది.

అప్పుడు తిత్లీ గుర్తొచ్చింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తుపాను. మా ఉద్దానంలో ఏళ్లకేళ్లు పెంచుకున్న కొబ్బరి, జీడి తోటలు కొన్ని గంటల్లో నేలకూలాయి. చెట్టు పాపం పక్కకి జరగలేదు. మనిషి జరగగలడు. తుపాను బులెటిన్ అయినా, మంచు బులెటిన్ అయినా ఉన్నది అందుకే. తీరంలో వేటకి వెళ్లేవాళ్లకి ఇది కొత్త పాఠమేం కాదు. సముద్రం బాగోలేని రోజు పడవ ఒడ్డునే ఉంటుంది. దాన్నెవరూ పిరికితనం అనరు.

మీరూ వెళ్తారా?

అమెరికాదాకా రానక్కర్లేదు. మనకు గుల్మార్గ్, ఔలీ ఉన్నాయి. గుల్మార్గ్‌లో కేంద్ర పర్యాటకశాఖ స్కీయింగ్ శిక్షణ సంస్థే ఉంది. ముందు రిసార్టు లోపల బాగా నేర్చుకోండి. గేటు బయటికి మాత్రం గైడ్, బీకన్, పార, వెతికే కర్ర లేకుండా అడుగు పెట్టొద్దు. 2023 ఫిబ్రవరిలో గుల్మార్గ్‌లోనే మంచుచరియలు విరిగిపడి ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు.

గైడ్ ‘ఈరోజు వద్దు’ అంటే డబ్బులు పోయాయని గొడవ పెట్టుకోకండి. మనం డబ్బులిచ్చింది ఆ మాట చెప్పడానికి కూడా!