మొహం మీదే చెప్పే మనిషి

రేసుల పిచ్చి ఉన్నవాళ్లు నలుగురు ఒకచోట చేరితే ముందు టైర్ల గురించి మాట్లాడుకుంటారు, తర్వాత ఇంజన్ల గురించి, ఆ తర్వాత గొడవ పడతారు. మీకూ ఈ పిచ్చి ఉంటే ఇది నేను చెప్పక్కర్లేదు. లేకపోతే కాసేపు ఇలా కూర్చోండి, చెప్తాను. ఈ గొడవల విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఒకటుంది. కుండబద్దలు కొట్టినట్టు మాట్లాడే మనిషిని సాగనంపేసి, ఇక హాయిగా ఉందామనుకునే గుంపు ఎక్కువకాలం నిలవదు. నిలిచినా అందులో ఉండబుద్ధి కాదు.

గొడవ ఎంత దూరం పోతుందో ముందు చెప్పాలి కదా. 2021 డిసెంబరు 12, అబూ ధాబీ. లూయిస్ హామిల్టన్, మ్యాక్స్ వెర్‌స్టాపెన్ ఇద్దరూ సరిగ్గా 369.5 పాయింట్లతో సమానంగా ఆ ఏడాది ఫార్ములా వన్ ఆఖరి రేసుకి వచ్చారు. 58 లాప్‌ల రేసు. హామిల్టన్ ముందున్నాడు, కాసేపు ఓపిక పడితే ఎనిమిదో టైటిల్. 53వ లాప్‌లో నికొలస్ లాటిఫీ కారు గోడకి కొట్టుకుంది, అందర్నీ నెమ్మదిగా తన వెనకే నడిపించే సేఫ్టీ కార్ వచ్చింది. వెర్‌స్టాపెన్ కొత్త టైర్లు వేయించుకున్నాడు, హామిల్టన్ అరిగిన టైర్లతోనే ఉండిపోయాడు. ఇద్దరి మధ్యా ఒక లాప్ వెనకబడ్డ కార్లు అయిదున్నాయి. రేస్ డైరెక్టర్ ఆ అయిదింటిని మాత్రమే ముందుకు వదిలి, ఒక్క లాప్ మిగిలుండగా రేసు మళ్లీ మొదలుపెట్టించాడు. ఆ ఒక్క లాప్‌లో ఛాంపియన్‌షిప్ చేతులు మారింది.

మన టైము ప్రకారం ఆ రేసు సాయంత్రం ఆరున్నరకి మొదలైంది. మేం ఓ మిత్రుడింట్లో చేరాం. వాళ్లావిడ వేడివేడిగా తెచ్చిపెట్టిన మిర్చిబజ్జీలు ఆఖరి లాప్‌లో ఎక్కడివక్కడే చల్లారిపోయాయి. మొదటి అరగంట చక్కటి వాదన జరిగింది. ఒకాయన నిబంధనల్లో 48వ అధికరణం చదివి వినిపించాడు. ఇంకొకాయన, సేఫ్టీ కార్ వెనకే రేసు ముగిసిపోతే అదేం రేసని అడిగాడు. రెండింట్లోనూ పస ఉంది. ఎక్కడ జారిందో తెలుసా? ‘ఆ నిర్ణయం తప్పు’ అన్న మాట కాస్తా ‘నువ్వలాగే అంటావులే, నువ్వు వాళ్ల మనిషివి కదా’ అయింది. అక్కడినుంచి ఎవరి చదువు, ఎవరి బుద్ధి, ఎవరి పెంపకం దాకా వెళ్లింది. ఒకాయన చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. చాలాకాలం మా మధ్యకి రాలేదు.

మాదంటే చిన్న గుంపు. లోకమంతా అదే వరస. కారు గోడకి కొట్టడం తప్ప మరే పాపం ఎరగని లాటిఫీని చంపేస్తామని బెదిరించారు. ఎంత ఘోరమో చూడండి. మెర్సిడెస్ జట్టు మాత్రం ఆ రాత్రే రెండు ఫిర్యాదులు రాసిచ్చింది. రెండూ కొట్టేశారు. అప్పీలుకి వెళ్తామని నోటీసిచ్చి, మళ్లీ వెనక్కి తీసుకుంది. 2022 ఫిబ్రవరిలో రేస్ డైరెక్టర్‌ని ఆ బాధ్యత నుంచి తప్పించారు, మార్చిలో అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌ఐఏ నివేదిక ఇచ్చింది. మనిషి చేసిన పొరపాటేనని ఒప్పుకుంది, ఫలితం మాత్రం మార్చలేదు. పందెంలో డ్రైవర్ల ఛాంపియన్‌షిప్పే పోగొట్టుకున్న జట్టుకి తన కోపం ఎక్కడ చెప్పుకోవాలో తెలుసు. సోఫాలో కూర్చున్న మనకే తెలియలేదు.

ఆ ఫిర్యాదుల పద్ధతి సంగతి తర్వాత చెప్తాను. ముందు రేసు డ్రైవర్ జాకీ స్టూవర్ట్ కథ వినండి, అసలు ఈ కబుర్లు మొదలుపెట్టిందే దానికోసం.

1966 జూన్, బెల్జియంలో స్పా. అప్పట్లో అది పల్లెల మధ్యగా మామూలు రోడ్ల మీద సాగే ట్రాకు. మొదటి లాప్‌లోనే జోరున వాన. స్టూవర్ట్ బీఆర్‌ఎం కారు జారి, స్తంభాన్ని కొట్టుకుని, రోడ్డు దిగువన పడింది. కాళ్లు ఇరుక్కుపోయాయి, స్టీరింగ్ ఊడితే తప్ప బయటికి రాలేడు. పెట్రోలు కారి ఒళ్లంతా తడిసింది. ఒక్క నిప్పురవ్వ చాలు. దగ్గర్లోనే జారిన గ్రాహమ్ హిల్, బాబ్ బాండురంట్ తమ రేసు వదిలేసి పరిగెత్తుకొచ్చారు. స్టీరింగ్ విప్పడానికి స్పానర్ కావాలి. ట్రాకు పక్కన ఉండే మార్షల్స్ దగ్గర లేదు. రేసు చూడ్డానికొచ్చిన ఎవరి దగ్గరో అడిగి తెచ్చారు. ఆయన దాదాపు 25 నిమిషాలు ఆ పెట్రోల్లోనే ఉన్నాడు. తీసుకెళ్లి పడుకోబెట్టిన చోట నేల మీద సిగరెట్ పీకలు. ఆస్పత్రికి బయల్దేరిన అంబులెన్సు దారి తప్పింది.

కోలుకున్నాక ఆయన చేసిన మొదటి పని, స్టీరింగ్ పక్కనే ఒక స్పానర్ టేపుతో అంటించుకోవడం. రెండోది, నోరు విప్పడం. ఇనప కంచెలు వేయండన్నాడు, సీటు బెల్టులన్నాడు, డాక్టర్లేరీ అన్నాడు. రేసుకి వెళ్తే తన వెంట సొంత డాక్టర్ని తెచ్చుకునేవాడు. ట్రాకుల యజమానులకి ఖర్చు, నిర్వాహకులకి తలనొప్పి. అభిమానుల్లో చాలామంది పిరికివాడన్నారు. మోటార్ స్పోర్ట్ పత్రికలో డెనిస్ జెంకిన్సన్ ఆయన్ని గట్టిగా దుయ్యబట్టాడు. ఈ జెంకిన్సన్ తక్కువ మనిషేం కాదు, 1955 మిల్లె మిలియా రేసులో స్టిర్లింగ్ మాస్ పక్క సీట్లో కూర్చుని దారి చెబుతూ గెలిపించినవాడు. ప్రమాదం లేకపోతే రేసుకి ప్రాణమే లేదని ఆయన నిజంగా నమ్మాడు. ఇద్దరూ ఈ ఆటని ప్రేమించినవాళ్లే. అందుకే ఈ గొడవ నాకు ముఖ్యం.

పిరికివాడన్నారు కదా, 1968 ఆగస్టులో జర్మనీలోని నూర్బర్గ్‌రింగ్ రేసు చూడండి. వాన, ముందున్న కారు కనిపించనంత మంచు. స్టూవర్ట్ దెబ్బతిన్న మణికట్టుకి కట్టుతో నడిపాడు. రెండోవాడు నాలుగు నిమిషాలకి పైగా వెనకబడ్డాడు. ఇలాంటి మనిషి, ఈ ట్రాకు మమ్మల్ని చంపేస్తుందని చెబితే వినాలి కదా? తోటి డ్రైవరు జిమ్ క్లార్క్ 1968లో ట్రాకు మీద పోయాడు. 1970లో పియర్స్ కరేజ్, యోకెన్ రింట్. 1973లో తన జట్టులోనే ఉన్న ఫ్రాన్స్వా సెవెర్. ఆ రోజు స్టూవర్ట్ తన వందో రేసు మొదలుపెట్టకుండానే మానేసి, మళ్లీ పోటీకి దిగలేదు. అప్పటికే మూడుసార్లు ప్రపంచ ఛాంపియన్. ఆయన నోరు ఊరికే పోలేదు. 1969లో స్పా రేసు జరగలేదు, 1970లో జర్మన్ రేసు నూర్బర్గ్‌రింగ్ నుంచి హాకెన్‌హైమ్‌కి మారింది. తర్వాతి తరాల డ్రైవర్లు ముసలివాళ్లయ్యే దాకా బతకడంలో ఆయన నోటి పాత్ర ఉంది.

అంత్య నిష్ఠూరం కన్నా ఆది నిష్ఠూరం మేలని మనవాళ్లు ఊరికే అనలేదు. నోరు నొక్కేద్దామని చూసినప్పుడు కూడా ఈ ఆటలో అది సాగలేదు. 1982 జనవరిలో దక్షిణాఫ్రికాలో క్యాలామి రేసు. డ్రైవర్ల లైసెన్సు దరఖాస్తులో కొత్త షరతులు చేర్చారు. జట్టు మారే స్వేచ్ఛకి అడ్డం వచ్చేది ఒకటి, ఛాంపియన్‌షిప్‌కి నష్టం కలిగించే మాటలు అనకూడదనేది ఒకటి. అందరూ సంతకాలు పెట్టేస్తున్నారు. రిటైరై రెండేళ్లకి తిరిగొచ్చిన నికీ లౌడా మాత్రం కాగితం పూర్తిగా చదివి, డ్రైవర్ల సంఘం అధ్యక్షుడు దిదియే పిరోనీని కదిలించాడు. డ్రైవర్లు దాదాపు అందరూ బస్సెక్కి జొహానెస్‌బర్గ్‌లో ఒక హోటలుకి వెళ్లి, ఒకే గదిలో పరుపులు పరుచుకుని పడుకున్నారు. ఎలియో డి ఆంజెలిస్ పియానో వాయించాడు. మర్నాడు మాట్లాడుకుని రాజీకొచ్చారు, శనివారం రేసు జరిగింది, ప్రోస్ట్ గెలిచాడు. ట్రాకు మీద ఒకరినొకరు క్షణం వదలని మనుషులు ఒక గదిలో రాత్రంతా ఎలా ఉండగలిగారా అని నేను చాలాసార్లు ఆలోచించాను. వాళ్లు ఏకమైంది ఇష్టం కొద్దీ కాదు, విషయం కొద్దీ.

ఇప్పుడు ఫిర్యాదు సంగతి. ఎఫ్‌ఐఏ నియమావళి చదివితే నాకు ముచ్చటేస్తుంది. ఎవరితోనైనా పేచీ ఉంటే కాగితం మీద రాసివ్వాలి. ఏ నిబంధన తప్పారో చెప్పాలి. డబ్బు కట్టాలి, మీ మాట నెగ్గితే తిరిగిస్తారు. తాత్కాలిక ఫలితాలు ప్రకటించిన అరగంటలోపు తేల్చుకోవాలి, వచ్చే ఏడాది తవ్వి తీస్తానంటే కుదరదు. నలుగురు కలిసి ఒకడి మీద ఫిర్యాదు చేయడానికి లేదు, ఎవరిది వాళ్లే ఇవ్వాలి. ముగ్గురి మీద పేచీ ఉంటే మూడు కాగితాలు. తీర్పు చెప్పే స్టీవార్డులు ఇద్దర్నీ పిలిచి వింటారు, సాక్షులుంటే వాళ్లనీ వింటారు. దురుద్దేశంతో పెట్టిన ఫిర్యాదని తేలితే పెట్టినవాడికే శిక్ష. కోపం వస్తుందని ముందే ఒప్పుకుని దానికి ఒక దారి వేసి ఉంచారన్నమాట. వానాకాలం రాకముందే మురుగుకాలవ తీసినట్టు.

మా కార్టింగ్ గుంపుకి నేను ఇదే చెప్పాను, మిగిలినవాళ్లూ ఒప్పుకున్నారు. హైదరాబాద్ శివార్లలో ఆదివారం పొద్దున్నే అద్దె కార్టుల మీద పందేలు పెట్టుకుంటాం. సాఫ్ట్‌వేర్ పిల్లలున్నారు, ఒక మందుల షాపాయన ఉన్నాడు, రిటైరైన బ్యాంకు మేనేజరుగారున్నారు. మొహం మీదే చెప్పే మనిషి కూడా ఉన్నాడు. ఏ పందెం అయినా సరే, హెల్మెట్ తీస్తూనే మొదలుపెడతాడు. జెండా ఆలస్యంగా ఊపారు, టైర్ల గోడ ముందుకి జరిగింది, నన్ను వెనకనుంచి గుద్దారు. కొత్తవాళ్లు బెదిరిపోతారు. ఈయన్ని కాస్త దూరం పెడదామని నాతో నెమ్మదిగా అన్నవాళ్లూ ఉన్నారు.

ఒక ఆదివారం కార్టు దిగి, బ్రేకు అందట్లేదు, పెడల్ లోపలికి పోతోందన్నాడు. అంతకుముందే చివర్నుంచి రెండోవాడుగా వచ్చాడు కాబట్టి ఒకరిద్దరు నవ్వారు. మేనేజరుగారు నవ్వలేదు. ‘ఏ మలుపులో బాబూ?’ అని అడిగారు. ‘పొడుగు దారి చివర, ఆ గట్టి మలుపు దగ్గర సార్, మొదటి తొక్కుడికి ఏమీ లేదు, రెండోదానికి పట్టింది.’ అంత కచ్చితంగా చెప్పేసరికి మెకానిక్ కుర్రాడు కార్టు పక్కకి తోసి, మోకాళ్ల మీద కూర్చుని చూశాడు. ప్యాడ్ దాదాపు రేకు దాకా అరిగిపోయింది. ఆ కార్టు తర్వాతి పందెంలో ఓ కాలేజీ పిల్లకి వెళ్లాల్సింది.

ఆయన చెప్పేవన్నీ నిజమవుతాయా అంటే, కావు. సగం పైగా తేలిపోతాయి. తేలిపోనివ్వండి. నాలుగు వట్టి ఫిర్యాదులు వినే ఓపిక లేకపోతే అయిదోది వినే అదృష్టం దక్కదు.

ఇప్పుడు మా దగ్గర పద్ధతి ఇది. పందెం అయ్యాక నీళ్లు తాగేదాకా ఎవరూ పేచీ ఎత్తకూడదు. తర్వాత ఏ మలుపు, ఏ లాప్, ఏం జరిగింది, ఈ మూడూ చెప్పాలి. రెండోవాడు జవాబిస్తాడు. ఆ పందెంలో నడపని ఇద్దరు తేలుస్తారు. తేల్చాక మళ్లీ ఆ ప్రస్తావన టిఫిన్ దగ్గర తేకూడదు. ‘నువ్వెప్పుడూ ఇంతే’ అన్న మాట నోట్లోంచి వస్తే ఆ ఫిర్యాదు అక్కడితో చెల్లదు. ఈ చివరిదాన్ని నేను పట్టుబట్టి పెట్టించాను. మనిషిని గుంపునుంచి తీసెయ్యడమన్నది మాత్రం ఇంతవరకు రాలేదు. ఒకసారి కార్టు నడుస్తుండగా కావాలని అడ్డం వచ్చిన కుర్రాణ్ణి రెండు వారాలు జెండా పట్టుకోమన్నాం. నోటికీ చేతికీ తేడా ఉంది. గట్టిగా మాట్లాడితే సర్దుకోవచ్చు, ప్రాణం మీదకి తెస్తే కుదరదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన కరెంటు కార్ల ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు మేమంతా పండగ చేసుకున్నాం. మన నెక్లెస్ రోడ్డు పక్కన ప్రపంచ స్థాయి రేసంటే మాటలా? జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మా ముక్కుసూటి మనిషి మాత్రం వారాల ముందునుంచీ ఒకటే అడిగాడు. ఊరి నడిబొడ్డున రోడ్లు మూసేస్తే ఆస్పత్రికెళ్లేవాడు ఎటు పోవాలి? రేసు అభిమాని అయ్యుండి ఇదేం మాటని మండిపడ్డారు. ఆయన టికెట్ కొనుక్కుని మా పక్కనే కూర్చుని చూశాడు, గొంతు పోయేలా అరిచాడు, మర్నాడు మళ్లీ అదే ప్రశ్న అడిగాడు. మరుసటి ఏడాది ఆ రేసు ఇక్కడ జరగలేదు, మా అందరికీ బాధే, ఆయనకీ బాధే. కానీ ఊళ్లో మామూలు జనం అడిగిన ప్రశ్న మా మధ్య అడిగినవాడు ఆయనొక్కడే.

ప్రస్తుతం మా దగ్గర నడుస్తున్న గొడవ 2026 ఫార్ములా వన్ నిబంధనల మీద. బండి శక్తిలో దాదాపు సగం కరెంటుదేనట, ముందున్న కారుని దాటడానికి వెనక రెక్క తెరిచే డీఆర్‌ఎస్ పోయి, ముందూ వెనకా రెక్కలు కదిలే పద్ధతి వచ్చింది. మా మందుల షాపాయన ఇది రేసుల భవిష్యత్తంటాడు. ముక్కుసూటి మనిషి, బ్యాటరీ దాచుకుంటూ నడిపేదాన్ని పందెం అంటారా అని బల్ల గుద్దుతాడు. అబూ ధాబీ రాత్రి చెప్పులేసుకుని వెళ్లిపోయినాయన కూడా ఈమధ్య వస్తున్నాడు. ఆయన్నే మధ్యవర్తిగా కూర్చోబెట్టాం. ఒక్కొక్కరికి పది నిమిషాలు, మధ్యలో ఎవరూ అడ్డు రాకూడదు. వచ్చే ఆదివారం మందుల షాపాయన వంతు.