నీహారికకు చిరునామా

2022 జూలై 12న జేమ్స్ వెబ్ టెలిస్కోపు తీసిన తొలి చిత్రాలు లోకం ముందుకు వచ్చాయి. వాటిలో ఒకటి ఇప్పటికీ ఎందరి ఫోన్లలోనో, బడి గోడల మీదో కనిపిస్తూనే ఉంటుంది. కింద ఇటుకరంగు ధూళి గుట్టలు, పైన లోతైన నీలం, ఆ రెంటి మధ్య అంచు పొడవునా మెరిసే చుక్కలు. కెరీనా అనే పెద్ద నీహారికలో ఒక మూల అది. అక్కడ వాయువు, ధూళి కలిసి కొత్త నక్షత్రాలు పుడుతున్నాయి. మనకు దాదాపు 7,600 కాంతి సంవత్సరాల దూరం. ఆ బొమ్మ చూసినవాళ్లంతా "ఎక్కడిదో కదా!" అని ఆశ్చర్యపోయారు. నేను చెప్పదలచుకున్నది ఒకటే. అది మన ఊరు దోమకొండకు దక్షిణాన ఉంది.

మాటవరసకు అంటున్నది కాదు, దీనికి లెక్కుంది. దోమకొండ అక్షాంశం 18 డిగ్రీల పైచిలుకు. అందుకే మన ఊళ్లో ధ్రువ నక్షత్రం ఉత్తర దిక్కున రమారమి 18 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. ఉత్తరాన అది అంత కిందికి ఉండబట్టే దక్షిణాన ఆకాశం మనకు అంత ఎక్కువగా తెరుచుకుంది. ఉగాది దాటాక, చైత్ర బహుళంలో చంద్రుడు ఆలస్యంగా లేచే రోజుల్లో, రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో దక్షిణం వైపు తిరిగి నిలబడండి. చెయ్యి ముందుకు చాచి పిడికిలి బిగించి నేల అంచు మీద ఆనించినట్టు పట్టుకుంటే ఆ పిడికిలి సుమారు పది డిగ్రీలు. దానికి ఇంకాస్త పైన కెరీనా నీహారిక ఉంటుంది. చీకటి చిక్కగా ఉంటే పాలపుంతలో ఒక తెల్లని మరకగా కంటికే ఆనుతుంది. మామూలు బైనాక్యులర్స్ ఉంటే ఇంకా బాగా తెలుస్తుంది. ఆకాశంలో దాని వెడల్పు నాలుగు నిండు చంద్రుల పాటి. వెబ్ చూపించింది అందులో చిన్న అంచును మాత్రమే.

ఆ చిత్రానికి తుదిరూపం ఇచ్చింది అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో. ఆ ఊరి నుంచి చూస్తే ఆ నీహారిక ఏ రాత్రీ నేల అంచు దాటి పైకి రాదు. యూరప్ ఖండంలో ఏ ఊరికీ రాదు. మన బంగ్లా మీద నుంచి కనబడేది వాళ్ల మేడల మీద నుంచి కనబడదు. ఇంత దగ్గరి సంబంధం ఉన్న చిత్రాన్ని మనం పరాయి వస్తువుగా చూస్తున్నాం. దూరం వల్ల కాదు, చిరునామా తెలియక.

"కంటికి మరకగా కనిపించేది చిత్రంలో అన్ని రంగులతో ఎలా వచ్చింది? అవి వేసిన రంగులేనా?" అని పిల్లలు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. మన కన్ను వెలుగును కూడబెట్టుకోలేదు. సెకనులో చిన్న భాగంపాటు అందిన వెలుతురుతోనే బొమ్మ కట్టి, వెంటనే మరో బొమ్మకు వెళ్లిపోతుంది. పైగా మసక వెలుతురులో పనిచేసే కంటి కణాలకు రంగు తెలియదు. ఫోటో పలక గానీ, కెమెరా సెన్సర్ గానీ గంటలకొద్దీ వెలుగును పోగుచేసుకుంటుంది. 1880 సెప్టెంబర్ 30న హెన్రీ డ్రేపర్ మృగవ్యాధుడి (ఒరాయన్) కత్తి దగ్గరున్న నీహారిక వైపు టెలిస్కోపు తిప్పి 51 నిమిషాలపాటు పలకను తెరిచి ఉంచాడు. నీహారికకు తీసిన తొలి ఫోటో అదే. ఈ రోజు కెమెరాలో ఆ నీహారిక గులాబీ రంగులో వస్తుంది. అది వేడెక్కిన హైడ్రోజన్ స్వయంగా వెదజల్లే ఎరుపు. వెబ్ సంగతి వేరు. అది చూసే పరారుణ కాంతి మన కంటికి అసలే అందదు. అందులో పొట్టి తరంగాలకు నీలం, పొడుగు తరంగాలకు ఎరుపు కేటాయించి వరుస చెడకుండా మనకు కనిపించే రంగుల్లోకి తెస్తారు. హబుల్ టెలిస్కోపు 1995లో తీసిన సృష్టి స్తంభాల చిత్రంలో గంధకానికి ఎరుపు, హైడ్రోజన్‌కు ఆకుపచ్చ, ఆక్సిజన్‌కు నీలం ఇచ్చారు. ఏ రంగు ఎక్కడుందో చూస్తే ఏ పదార్థం ఎక్కడుందో తెలుస్తుంది. ఆ రంగుల వెనుక కల్పన లేదు, కొలత ఉంది.

మా అవ్వకు ఈ చిత్రాలేవీ తెలియవు. కానీ పిల్లలకోడి తెలుసు. కార్తీకంలో పొద్దుగూకాక తూర్పున లేచే ఆ చుక్కల గుంపును, "అగో, పిల్లలకోడి లేసింది" అని చూపించేది. పంచాంగం దాన్నే కృత్తిక అంటుంది. కంటికి ఆరు చుక్కలు, చూపు బాగుంటే ఏడు. అక్కడ వెయ్యికి పైగా నక్షత్రాలు ఉన్నాయనీ, ఆ గుంపు ఇప్పుడు ఒక ధూళి మేఘం గుండా సాగిపోతున్నదనీ, ఆ ధూళి మీద నక్షత్రాల వెలుగు పడి నీలంగా చెదురుతున్నదనీ ఫోటోలూ కొలతలూ చెప్పాయి. అవ్వ దగ్గర చిరునామా ఉంది, బొమ్మ లేదు. నా దగ్గర ఎన్నేళ్లుగానో బొమ్మలున్నాయి. వాటిలో కృత్తిక బొమ్మ ఒక్కటే ఎక్కడిదో నాకు తెలిసింది, అదీ ఆమె వేలు చూపించడం వల్లనే.

బొమ్మనూ చిరునామానూ ఒక్కచోట కలిపిన మహాకార్యం ఒకటి, దోమకొండ నిజాం రాజ్యంలో సంస్థానంగా ఉన్న కాలంలోనే, హైదరాబాదులో జరిగింది. ఖగోళశాస్త్రం మీద ప్రేమతో నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండలో వేధశాల మొదలుపెట్టాడు. డబ్లిన్‌లోని గ్రబ్ సంస్థ చేసిన 15 అంగుళాల టెలిస్కోపు, ఆకాశాన్ని ఫోటో తీసేందుకు 8 అంగుళాల కుక్ యంత్రం తెప్పించాడు. ఆయన పోయాక, 1908లో నిజాం ప్రభుత్వం ఆ వేధశాలను తన చేతుల్లోకి తీసుకుంది. బేగంపేటకు మారిన ఆ నిజామియా వేధశాల ప్రపంచవ్యాప్తంగా సాగిన ఒక పెద్ద పనిలో పాలుపంచుకుంది.

ఆ పని 1887లో పారిస్‌లో మొదలైంది. ఆకాశం మొత్తాన్ని గాజుపలకల మీద ఫోటోలు తీసి, ప్రతి చుక్క స్థానాన్నీ కొలిచి రాయాలని పలు దేశాల వేధశాలలు ఒప్పందం చేసుకున్నాయి. ఆకాశాన్ని అడ్డంగా పట్టీలుగా పంచుకున్నాయి. చిలీలోని శాంటియాగో వేధశాలకు ఇచ్చిన పట్టీ పని అక్కడ సాగలేదు. ఖగోళ మధ్యరేఖకు దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల వరకున్న ఆ భాగం హైదరాబాదుకు వచ్చింది. 1914లో రాబర్ట్ పోకాక్ పని మొదలుపెట్టించాడు. 1918 నుంచి 1944 దాకా తొలి భారతీయ డైరెక్టర్ టి.పి. భాస్కరన్ దాన్ని నడిపించాడు. భూమి తిరుగుతుంటే చుక్క జారిపోకుండా, తీగల గుర్తు మీదే దాన్ని నిలిపి ఉంచుతూ ఒకరు టెలిస్కోపు దగ్గర కూర్చోవాలి. పలక కడిగాక దాని మీద ముద్రించిన గళ్ల ఆధారంగా ఒక్కొక్క నల్లచుక్కనూ సూక్ష్మదర్శిని కింద కొలవాలి. అలా ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు 12 సంపుటాలుగా అచ్చయ్యాయి. వెబ్ చిత్రం పక్కన ఆ గాజుపలకను పెడితే ఎవరి చూపూ దాని మీద నిలవదు, రంగు లేని చుక్కలే కదా. అయితే ఆ ఒక్కొక్క చుక్కకూ చిరునామా ఉంది.

ఆ శ్రమ వృథా పోలేదు. 1989లో యూరప్ వాళ్లు పంపిన హిప్పార్కస్ ఉపగ్రహం నక్షత్రాల స్థానాలను మళ్లీ కొలిచింది. ఆ కొలతలను పాత పలకల కొలతలతో పోల్చి, ఇన్నేళ్లలో ఏ నక్షత్రం ఎటు ఎంత జరిగిందో లెక్కగట్టి 2000లో టైకో-2 అనే జాబితా వెలువరించారు. 25 లక్షల నక్షత్రాలున్న ఆ జాబితాలో హైదరాబాదు కొలతలకూ వాటా ఉంది. ఆ వేధశాలలో పనిచేసిన ఒకరి కొడుకే ఖగోళ శాస్త్రవేత్త వేణు బాపు. హైదరాబాదులో పెరిగి, నిజాం కాలేజీలో చదివి, హార్వర్డ్‌కు వెళ్లి, 1949లో అక్కడి ఒక ఫోటో పలక మీద కొత్త తోకచుక్కను పట్టుకున్నాడు. పలక మీద చుక్కలను పరకాయించి చూసే అలవాటున్న ఇంటి బిడ్డ మరి.

హైదరాబాదు వాటాకు వచ్చిన ఆ పట్టీ మన నెత్తి మీద ఎక్కడుందో చూడాలంటే పెత్రమాస రాత్రి మంచిది. ఆనాడే ఎంగిలిపూల బతుకమ్మ. అమావాస్య కాబట్టి చంద్రుడు ఉండడు. మొగులు లేకుంటే బతుకమ్మలను సాగనంపి వచ్చేవేళకు, ఎనిమిది గంటల ప్రాంతంలో, పాలపుంత నైరుతి నుంచి ఈశాన్యానికి పరుచుకొని ఉంటుంది. నైరుతి వైపు, ధనుస్సులో, అది చిక్కబడి కనిపించే చోట ఒక నక్షత్ర మేఘం ఉంది. అది హైదరాబాదు పట్టీలోనిదే. అనూరాధ చుక్కల్లో రెండు కూడా ఆ పట్టీలోవే. అదే వేళకు తూర్పున ఉత్తరాభాద్ర చుక్కలు లేచి ఉంటాయి. వాటికి ఉత్తరంగా చిన్న పొగమరకలా ఆండ్రోమెడా గెలాక్సీ కనబడుతుంది. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరాన్ని ఏ పరికరమూ లేకుండా చూడగలిగే చోటు అది.

ఇదంతా చీకటి ఉంటేనే. దక్షిణాన వంద కిలోమీటర్ల దూరంలో హైదరాబాదు, వాయవ్యాన దగ్గరలోనే కామారెడ్డి పట్టణం. రెండూ ఏటేటా మరింత వెలుగును పైకి చిమ్ముతున్నాయి. కెరీనా ఉండేది సరిగ్గా హైదరాబాదు వెలుగు లేచే దిక్కున, నేల అంచుకు దగ్గరగా. అందుకే ముందుగా మనకు దూరమయ్యేది అదే. 2022లోనే లద్దాఖ్‌లోని హాన్లే పరిసరాలను చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అదే ఏడు దోమకొండ కోట పునరుద్ధరణకు యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం వచ్చింది. రాతినీ సున్నాన్నీ ఓపికగా కాపాడుకొని మెప్పు పొందిన ఊరు ఇది. పైనున్నదాన్ని కాపాడుకోవడం అంతకన్నా తేలిక. వీధి దీపాలకు పైన మూత పెట్టి వెలుగును నేల మీదికే పంపితే చాలు. దారి బాగా కనబడుతుంది, కరెంటూ కలిసివస్తుంది.

దానితో పాటు ఒక చిన్న పని మన బడుల్లో జరగాలని నా కోరిక. గోడ మీద నీహారిక బొమ్మ పెట్టిన ప్రతిచోటా దాని కింద ఒక వరుస రాయించాలి. ఏ చుక్కల పక్కన, ఏ నెలలో, ఏ దిక్కున, ఎన్ని గంటలకు. మృగవ్యాధుడి నీహారిక: సంక్రాంతి రోజుల్లో, రాత్రి పది దాటాక, నడినెత్తికి కాస్త దక్షిణంగా. పిల్లలకోడి: కార్తీకంలో, పొద్దుగూకాక, తూర్పున. కెరీనా: చైత్ర బహుళంలో, రాత్రి తొమ్మిదిన్నరకు, దక్షిణాన పిడికిలికి పైన. ఆ వరుస చదివిన పిల్లల్లో ఒక్కరైనా ఆ రాత్రి బంగ్లా ఎక్కుతారు. ఎక్కినవాళ్లకు ఆ బొమ్మ ఇక అమెరికాది కాదు.