మీసం కదిలితే సరిపోదు

శనగపచ్చ పురుగులో మగదాని మీసం సన్నటి దారంలా ఉంటుంది. మైక్రోస్కోపు కింద పెడితే దాని నిండా నూగు కనిపిస్తుంది. ఒక్కో వెంట్రుక ఒంటినిండా సూక్ష్మమైన రంధ్రాలు, లోపల కాస్త ద్రవం, అందులో రెండు మూడు నాడీకణాల కొసలు. మగదాన్ని పిలవడానికి ఆడపురుగు వదిలిన వాసన, అంటే ఫెరోమోన్, ఆ రంధ్రాల్లోంచే లోపలికి వెళ్తుంది. ఆ ద్రవంలో ఉండే ఒక ప్రోటీన్ దాన్ని పట్టుకుని నాడీకణం దాకా చేరుస్తుంది. నేను జీతం తీసుకునేది ఈ నూగు దేనికి ఔనంటుందో, దేనికి కాదంటుందో తేల్చడానికి.

మీసాన్ని మొదలంటా కత్తిరించి, కొస కూడా కొద్దిగా తుంచి, ఉప్పునీరు నింపిన రెండు సన్నటి గాజు గొట్టాల మధ్య అతికిస్తాం. పురుగు నుంచి విడిపోయినా మీసం కొంతసేపు బతికే ఉంటుంది. పనంతా ఆలోపే కావాలి. ఏసీ గాలి సూటిగా తగిలితే ఎండిపోతుంది. పక్క గదిలో ఫ్రిజ్ ఆన్ అయినా స్క్రీన్ మీద గీత వణుకుతుంది కాబట్టి లోహపు జల్లెడ పెట్టెలో పెట్టి మరీ మీసంలో పుట్టే విద్యుత్ సంకేతాన్ని కొలుస్తాం. ఈ పద్ధతికి 1950ల్లో దారి వేసింది జర్మనీకి చెందిన డీట్రిచ్ ష్నైడర్.

ఇక ఆడపురుగు పొట్ట చివర చిన్న గ్రంథి ఉంటుంది. దాన్ని నొక్కి బయటికి తీసి, కత్తిరించి, హెక్సేన్‌లో నానబెట్టి, ఆ రసాన్ని రసాయనాలను విడదీసే గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లోకి ఎక్కిస్తాం. బయటికొచ్చే ఆవిరి రెండు పాయలవుతుంది. ఒకటి యంత్రానికి, ఒకటి మీసానికి. స్క్రీన్ మీద పైగీత యంత్రానిది, కిందిగీత మీసానిది. పైన కొండంత శిఖరం లేచినా కింద మీసం ఉలకదు, పలకదు. పైన ఏమీ లేనట్టున్న చోట కింద గీత గబుక్కున పడిపోతుంది. అప్పుడు గదిలో ఉన్నవాళ్లందరం కుర్చీలు ముందుకు జరుపుకుంటాం. 1959లో జర్మనీ రసాయన శాస్త్రవేత్త బ్యూటెనాంట్ బృందం పట్టుపురుగు ఫెరోమోన్ బాంబికాల్‌ను బయటపెట్టడానికి దాదాపు 20 ఏళ్లు, 5 లక్షల ఆడపురుగులు పట్టాయి. దక్కింది కొన్ని మిల్లీగ్రాములు. ఇప్పుడు కొద్ది పురుగుల గ్రంథులతోనే సరిపెట్టుకుంటున్నాం.

కొత్తగా చేరిన పిల్లలు ఇక్కడే తొందరపడతారు. గీత పడింది కాబట్టి మగపురుగుకు నచ్చింది అంటారు. మీసం పసిగట్టింది అన్నంతవరకే ఆ గీత చెబుతుంది. నచ్చి పసిగట్టిందా, గిట్టక పసిగట్టిందా అన్నది అందులో ఉండదు. పట్టుపురుగు మగదాని వెంట్రుకలో ఒక నాడీకణం బాంబికాల్‌కు, దాని పక్కదే బాంబికల్ అనే ఆల్డిహైడ్ రూపానికి. మొదటిది తగిలితే రెక్కలు టపటపలాడిస్తూ చిందులేస్తుంది, రెండోది కలిస్తే చల్లబడుతుంది. రెండింటికీ మీసం స్పందిస్తుంది.

శనగపచ్చ పురుగు సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. దాని వాసనలో ముఖ్యమైనవి రెండు ఆల్డిహైడ్లు, 97కి 3 పాళ్లలో. పొగాకు మీద బతికే దాని దగ్గరి చుట్టం హెలికోవెర్పా అసల్టా కూడా అవే రెండు వాడుతుంది, కాకపోతే పాళ్లు తిరగబడి ఉంటాయి. ఒక్కో రసాయనానికి మీసంలో ఒక్కో రకం కణం. అవి తెచ్చే కబుర్లు మెదడులో మగదానికి మాత్రమే పెద్దగా పెరిగిన నాడీ ముడుల దగ్గర కలుస్తాయి. అక్కడ ఏది ఎంత అన్నది తేలాకే పురుగు రెక్క విప్పేది. దీనికి తోడు ఇంకా ఈడుకు రాని ఆడపురుగు ఒక ఆల్కహాల్‌ను కాస్త ఎక్కువ పాళ్లలో వదులుతుంది. అది తగిలితే మగది వెనక్కి తగ్గుతుంది. ఆ ఆల్కహాల్‌ను పట్టే గ్రాహకాన్ని తీసేసిన మగపురుగులు ఈడు రాని ఆడవాటితో జతకట్టాయని, వాటి గుడ్లు సరిగా పొదగలేదని చైనా శాస్త్రవేత్తలు 2017లో చూపించారు. మగపురుగు అనగానే వాసన తగిలిన దిక్కుకల్లా పరుగెత్తే వెర్రిబాగులది అనుకుంటారు గానీ, నా లెక్కలో దాని ముక్కు సగం కాదనడానికే ఉంది.

పత్తిలో గులాబీ రంగు పురుగుకు 1966లో అమెరికాలో ఒక ఫెరోమోన్ ప్రకటించారు, ప్రొపైలూర్ అని. చేలో అది పనిచేయలేదు. అసలుది 1973లో తేలింది. అది రెండు పదార్థాల సమపాళ్ల మిశ్రమం. వాటి మధ్య తేడా అల్లా 11వ కార్బన్ దగ్గర బంధం ఏ పక్కకు వంగిందన్నదే. అంత చిన్న వంపును పురుగు మీసం గుర్తుపడుతుంది.

ఇదంతా ల్యాబు ముచ్చట. గుంటూరు, పల్నాడు చేలల్లో, ఫెరోమోన్ నింపిన లూర్ పెట్టి మగపురుగులను పట్టే బుట్టల దగ్గర, నాకు ఎదురయ్యే మాట వేరు.

“సార్, బుట్టలో ఒక్కటీ పడలేదు. మా చేలో పురుగు లేనట్టేగా?”

“లూర్ ఎక్కడ దాచావు బాబాయ్?”

“దాచేదేముందండీ, మోటారు షెడ్డు కిటికీలో ఉంది.”

మే నెల ఎండకు ఆ కిటికీలో ఏం జరిగి ఉంటుందో నాకు తెలుసు. ఆల్డిహైడ్లు గాలికి పాడైపోతాయి. పొగాకు లద్దె పురుగు లూర్‌లోనైతే ఎండకు బంధాల వంపే మారుతుంది. వాసన ఇంకా ఉంటుంది, పాళ్లు పోతాయి. ఒక పురుగు లూర్ పట్టుకున్న చేత్తోనే ఇంకో పురుగు లూర్ మార్చినా అదే గతి. కొట్టువాళ్లు ప్యాకెట్లను అట్టపెట్టెలో ఎండలో పెట్టి అమ్ముతుంటే మాత్రం రైతును ఏమనగలం? గులాబీ పురుగుకు రాత్రికి బుట్టకు 8 చొప్పున వరసగా మూడు రాత్రులు పడితే మందు కొట్టమని చెప్పేది ఇలాంటి లూర్‌ను నమ్ముకునే. అందుకే ఖాళీ బుట్టను చూసి సంబరపడొద్దంటాను.

“పడేవన్నీ మగవేగా, గుడ్లు పెట్టేవి వదిలేసి వీటిని పట్టి ఏం లాభం?” అని అడిగేవాళ్లూ ఉన్నారు. సరైన ప్రశ్నే. ఒక మగది చాలా ఆడవాటితో జతకడుతుంది కాబట్టి కొన్నింటిని పట్టినంత మాత్రాన ఒరిగేది తక్కువ. బుట్ట ప్రధానంగా లెక్క చెప్పేందుకే. జతే కట్టనివ్వకుండా చేసే పద్ధతి వేరే ఉంది. గాలిలో ఫెరోమోన్ పాయలు పాయలుగా, తెగుతూ వస్తుంది. వాసన తగలగానే మగది గాలికి ఎదురెళ్తుంది, తెగగానే అటూ ఇటూ ఊగుతూ వెతుకుతుంది. పాత అణువులను మీసంలోని ఎంజైములు చప్పున విరిచేస్తాయి కాబట్టే తర్వాతి పాయ విడిగా తెలుస్తుంది. చేనంతా ఒకే తీరుగా ఫెరోమోన్ పరిస్తే ఆ తెగడం ఉండదు. దారి దొరకదు. మొక్కలకు పేస్టు చుక్కలు అంటించడం, తాళ్లు కట్టడం అందుకే.

అయితే రెండెకరాల్లో ఒక్కరే పెడితే, పక్క చేలో జతకట్టిన ఆడపురుగు ఎగిరొచ్చి ఇక్కడ గుడ్లు పెట్టిపోతుంది. దాన్ని ఈ వాసన ఆపదు. చుట్టుపక్కల చేలన్నిటికీ ఒకేసారి పెట్టాలని ప్రతి సీజన్ ముందు రైతులను కూర్చోబెట్టి చెబుతాం. అందరూ ఒప్పుకుంటారు. ముందు డబ్బు ఎవరు తీయాలన్న దగ్గర, కౌలుకు చేసేవాళ్లా భూమి ఉన్నవాళ్లా అన్న దగ్గర, మాట ఆగిపోతుంది.